హాన్సెన్ మౌనంగా వున్న పదిహేనేళ్లు

ఆ మధ్య విద్యార్థులు ఏర్పాటు చేసిన ఒక గోష్ఠిలో భూగోళం వేడెక్కడం గురించి చర్చ జరిగింది. భౌతికశాస్త్రం బోధించే అధ్యాపక మిత్రులొకరు మాట్లాడుతూ అమెరికన్ శాస్త్రజ్ఞుడు జేమ్స్ హాన్సెన్ జీవితాన్ని రెండు ముక్కలు చేశారు. మొదటి ముక్కలో ఆయన శాస్త్రజ్ఞుడు: లెక్కలు కట్టాడు, వ్యాసాలు రాశాడు, గౌరవం సంపాదించాడు. రెండో ముక్కలో ఆయన ఆందోళనకారుడు: ధర్నాల్లో కూర్చున్నాడు, చేతులకు బేడీలు వేయించుకున్నాడు, బొగ్గు కంపెనీల అధిపతులను బోనెక్కించాలన్నాడు. "మొదటి హాన్సెన్‌కు నమస్కారం. రెండో హాన్సెన్ శాస్త్రానికి చెరుపు చేశాడు. శాస్త్రజ్ఞుడు నిజం చెప్పి వూరుకోవాలి. ఆ పైన ఏం చెయ్యాలన్నది అతని పని కాదు" అన్నారాయన. సభలో చాలామంది తలలూపారు. తలలూపిన వాళ్లలో మన సంఘం వాళ్లు కూడా లేకపోలేదు.

వెనక బెంచీ నుంచి ఒక విద్యార్థి లేచి ఇంకో మాట అన్నాడు. "మొదటి హాన్సెన్‌కు మాత్రం నమస్కారం ఎందుకు సార్? రెండు వందల యేళ్లు బొగ్గు కాల్చి బలిసిన దేశం వాడు మనల్ని బొగ్గు కాల్చవద్దంటున్నాడు. ఇది సామ్రాజ్యవాదం కాదా?" చప్పట్లు ఎక్కువగా ఇతనికే వచ్చాయి.

ఇద్దరికీ సమాధానం చెప్పవలసిన బాధ్యత అధ్యక్షుడుగా నా మీద వుండింది. వేళ మించిపోయిందన్న సాకుతో తప్పించుకున్నాను. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

ముందు అధ్యాపకుల మాట తీసుకుందాం. "శాస్త్రజ్ఞుడు నిజం చెప్పి వూరుకోవాలి" అన్నది వినడానికి చాలా మర్యాదగా వుంటుంది. దీనిని పరీక్షించడానికి వీలులేని అభిప్రాయంగా చాలామంది భావిస్తారు. అట్లా అనుకోనక్కరలేదు. ప్రయోగం జరిగింది. ఆ ప్రయోగం చేసినవాడు స్వయంగా హాన్సెనే. ఫలితాలు మన ముందు వున్నాయి.

హాన్సెన్ 1941 లో అయోవా రాష్ట్రంలో ఒక కౌలు రైతు ఇంట పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో అయిదోవాడు. అయోవా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం చదివాడు. అప్పుడు అక్కడ వాన్ ఆలెన్ వుండేవాడు, భూమి చుట్టూ వున్న వికిరణ వలయాలకు ఎవరి పేరు పెట్టారో ఆ వాన్ ఆలెన్. 1963 డిసెంబరులో చంద్రగ్రహణం పట్టింది. ఆనాడు చంద్రుడు మామూలు గ్రహణాల్లో లాగా ఎర్రగా కనిపించలేదు, దాదాపు మాయమైపోయాడు. ఆ యేడాదే బాలీ ద్వీపంలో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలయి, దాని ధూళి ఆకాశంలో చాలా ఎత్తుకు చేరి వుండింది. చంద్రుడు ఎంత నల్లబడ్డాడో కొలిచి, పైన ఎంత ధూళి వున్నదో లెక్కకట్టడమే హాన్సెన్ తొలి పరిశోధనల్లో ఒకటి. ఆ తర్వాత శుక్రగ్రహం మేఘాల మీదికి పోయాడు. 1967 లో న్యూయార్కులో నాసాకు చెందిన గొడ్డార్డ్ సంస్థలో చేరాడు. ఒక మామూలు భోజనశాల మీది అంతస్తుల్లో వున్న కార్యాలయం అది.

శుక్రగ్రహం వాతావరణం దాదాపు పూర్తిగా బొగ్గుపులుసు వాయువే. అక్కడ సీసం కరిగిపోయేంత వేడి. శుక్రుడి మీదికి అమెరికా పంపిన అంతరిక్షనౌకలో హాన్సెన్ రూపొందించిన పరికరం ఒకటి పోయింది. అది 1978 లో బయలుదేరిన కాలానికే ఆయన ఆ బాధ్యత వదులుకుని భూమి వైపు తిరిగాడు. కళ్ల ముందు మారిపోతున్న గ్రహం ఒకటి వుండగా మారని గ్రహాన్ని పట్టుకుని కూర్చోవడం ఆయనకు రుచించలేదు. 1979 లో చార్నీ అధ్యక్షతన అమెరికన్ శాస్త్ర అకాడమీ ఒక చిన్న నివేదిక తయారుచేసింది. గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే భూమి ఉష్ణోగ్రత ఒకటిన్నర నుంచి నాలుగున్నర డిగ్రీల దాకా పెరగవచ్చునని అందులో తేల్చారు. దానికి ఆధారమైన కంప్యూటర్ నమూనాలు ఇద్దరివే: ఒకటి మనాబేది, రెండోది హాన్సెన్‌ది.

1981 ఆగస్టులో హాన్సెన్, ఆయన సహచరులు ఆరుగురు "సైన్స్" పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. ఈ శతాబ్దం ముగిసేలోగా భూమి వేడెక్కడం సహజమైన ఎగుడుదిగుళ్లను దాటి స్పష్టంగా బయటపడుతుందని రాశారు. ఉత్తర అమెరికాలోనూ మధ్య ఆసియాలోనూ కరువు ప్రాంతాలు ఏర్పడతాయనీ, పశ్చిమ అంటార్కిటికా మంచు కోసుకుపోతుందనీ, ఉత్తర ధ్రువసముద్రంలో ఓడలదారి తెరుచుకోవచ్చుననీ రాశారు. ఇందులో నినాదం లేదు. ఎవరినీ బోనెక్కించమన్న మాట లేదు. మన అధ్యాపకులు కోరుకున్నట్లు నిజం చెప్పి వూరుకోవడమంటే ఇదే. న్యూయార్క్ టైమ్స్ ఆ వార్తను మొదటి పేజీలో వేసింది. వెంటనే రీగన్ ప్రభుత్వపు ఇంధనశాఖ ఆ సంస్థకు ఇస్తానన్న నిధులు ఆపేసింది. హాన్సెన్ తన సిబ్బందిలో కొందరిని తీసెయ్యవలసివచ్చింది.

అంటే బేడీలు తర్వాత వచ్చాయి, దెబ్బ ముందే పడ్డది. ఈ వరుస గుర్తుంచుకోవాలి. ఆయన రాజకీయాల్లోకి పోకముందే రాజకీయాలు ఆయన గదిలోకి వచ్చి కూర్చున్నాయి.

1988 జూన్ 23 న అమెరికన్ సెనేట్ సంఘం ముందు హాన్సెన్ ఇచ్చిన సాక్ష్యం అందరూ ఎరిగినదే. నిజానికి 1987 నవంబరులో కూడా సెనేట్ ముందు చెప్పాడు. చలికాలంలో భూమి వేడెక్కుతోందంటే ఎవరు వింటారు? 1988 వేసవిలో మధ్య అమెరికా పొలాలు ఎండిపోయి, వాషింగ్టన్ నగరం మాడిపోతూ వుండగా అదే మాట చెబితే దేశమంతా విన్నది. మూడు మాటలే చెప్పాడు. కొలతలు మొదలైన తర్వాత ఇంత వేడి ఎన్నడూ లేదు. ఈ వేడికి కారణం గాలిలో పెరుగుతున్న వాయువులేనని గట్టి నమ్మకంతో చెప్పవచ్చు. వడగాడ్పుల వంటివి ఇకమీదట ఎక్కువ కావడానికి అవకాశం వున్నది. ఈ వేడి యాదృచ్ఛికం కాదనడానికి నూటికి 99 పాళ్లు నమ్మకం అన్నాడు. మరునాటి వుదయానికి ఆయన ప్రపంచ ప్రసిద్ధుడు.

మరుసటి యేడాది, 1989 మేలో, మళ్లీ సెనేట్ ముందుకు పోవలసివచ్చినప్పుడు ఆయన రాసిచ్చిన సాక్ష్యాన్ని అధ్యక్ష భవనపు బడ్జెట్ కార్యాలయం దిద్దింది. గట్టిగా చెప్పినచోట సందేహాలు చొప్పించింది. ఒక గుమస్తా కలం ఒక శాస్త్రజ్ఞుడి లెక్కను మార్చడమంటే ఏమిటో ఆలోచించండి. ఆ మాటలు తనవి కావని హాన్సెన్ ఆల్ గోర్‌కు ముందే తెలియజేశాడు. సభలో ఆ సంగతి బట్టబయలైంది. ఆ రోజుకు ప్రభుత్వానికి తలవంపులయినాయి. అంతే, అంతకంటే మరేమీ కాలేదు.

ఇక్కడే అసలు ప్రయోగం మొదలవుతుంది. ఈ గొడవ తర్వాత హాన్సెన్ వెనక్కు తగ్గాడు. జనంతో మాట్లాడడం తనకు చేతకాని విద్య అనుకున్నాడు. ఆ పని చెయ్యగలవాళ్లు వేరే వున్నారనుకుని పత్రికలకూ టెలివిజనుకూ చాలావరకు దూరమై, సుమారు పదిహేనేళ్లు లెక్కలకే అంకితమయ్యాడు. ఆ లెక్కలు గొప్ప లెక్కలు. 1991 లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలినప్పుడు, ఈ ధూళి వల్ల భూమి దాదాపు అర డిగ్రీ చల్లబడి కొద్ది యేళ్లలో మళ్లీ తేరుకుంటుందని ముందే చెప్పాడు. అట్లాగే జరిగింది. ఒక శాస్త్రజ్ఞుడి నమూనాకు ప్రకృతి ఇంతకంటే మంచి పరీక్ష పెట్టదు. పరీక్ష నెగ్గాడు. మన అధ్యాపకులు గీసిన ఆదర్శ చిత్రం అచ్చంగా ఇదే: నిజం చెప్పాడు, వూరుకున్నాడు, చెప్పిన నిజం రుజువైంది కూడా.

మరి ఆ పదిహేనేళ్లలో బయట ఏం జరిగింది?

1989 లో చమురు, బొగ్గు, మోటారు కంపెనీలు కలిసి "ప్రపంచ శీతోష్ణస్థితి కూటమి" అన్న పేరుతో ఒక సంస్థ పెట్టాయి. పేరు వింటే భూమిని కాపాడడానికి పుట్టిందనుకుంటాం. భూమి వేడెక్కుతోందన్న మాటకు అడుగడుగునా సందేహాలు పుట్టించడానికి అది 2002 దాకా పనిచేసింది. 1997 లో క్యోటో ఒప్పందానికి ముందే అమెరికన్ సెనేట్ 95 వోట్లతో, ఒక్క వ్యతిరేక వోటయినా లేకుండా, వెనకబడిన దేశాల మీద కూడా ఆంక్షలు పెట్టని ఒప్పందం ఏదీ తమకు అక్కరలేదని తీర్మానించింది. 2001 లో బుష్ ప్రభుత్వం క్యోటో నుంచి తప్పుకున్నది.

వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా కనిపించే సంగతి 1998 నాటిది. 1988 లో హాన్సెన్ భవిష్యత్తును ఒక్క గీతతో చెప్పలేదు. మనుషులు వాయువులను ఎంత వదులుతారో ముందే తెలియదు గనక మూడు గీతలు గీశాడు: విపరీతంగా పెరిగితే ఒకటి, మధ్యస్థంగా పెరిగితే ఒకటి, గట్టిగా అదుపు చేస్తే ఒకటి. మధ్య గీతే జరిగే అవకాశం ఎక్కువని ఆయనే చెప్పాడు. పదేళ్ల తర్వాత ప్యాట్రిక్ మైకేల్స్ అన్న శాస్త్రజ్ఞుడు, బొగ్గు పరిశ్రమ డబ్బు తీసుకున్నవాడు, అమెరికన్ కాంగ్రెసు ముందు ఆ పటం పెట్టి హాన్సెన్ అంచనా ఎంత తప్పిందో చూడండన్నాడు. ఆయన చూపిన పటంలో ఒక్క పై గీతే వున్నది. కింది రెండు గీతలూ చెరిపేసి వున్నాయి.

"నిజం చెప్పి వూరుకో" అంటే జరిగేది ఇది. నిజం దానంతటది నిలబడి వుండదు. దాని పక్కన మనిషి లేకపోతే రబ్బరు పట్టుకున్నవాడు వచ్చి తుడిచిపోతాడు.

(ఆ పటం గురించి ఒక మాట. మధ్య గీత కంటే కూడా జరిగిన వేడి కొంచెం తక్కువే. హాన్సెన్ నాటి నమూనా కాస్త ఎక్కువ వేడి చూపేది. అది ఒప్పుకోవడానికి మనం జంకనక్కరలేదు. అయితే మరో కారణం కూడా వున్నది. ఆయన లెక్కలో వేసిన క్లోరోఫ్లోరో వాయువులు అనుకున్నంత పెరగలేదు. ఎందుకంటే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో ప్రభుత్వాలు వాటి తయారీని చట్టం పెట్టి ఆపాయి. ఈ సంగతి తర్వాత మళ్లీ అవసరమవుతుంది.)

ఇంకొక పాత్రను కూడా ఇక్కడ ప్రవేశపెట్టాలి. నిజం చెప్పి వూరుకునే శాస్త్రజ్ఞుడి సంపూర్ణమైన నమూనా హాన్సెన్ కాదు, ఎక్సాన్ చమురు కంపెనీలో పనిచేసిన శాస్త్రజ్ఞులు. 1977 లోనే వాళ్లలో జేమ్స్ బ్లాక్ అనే ఆయన కంపెనీ పెద్దలకు సంగతంతా వివరించాడు. ఆ కంపెనీ ఒక చమురు ఓడ మీద పరికరాలు పెట్టి సముద్రం ఎంత బొగ్గుపులుసు వాయువు పీల్చుకుంటుందో కొలిపించింది. ఆ కంపెనీ లోపలి అంచనాలను 2023 లో పరిశోధకులు జరిగిన వాస్తవంతో పోల్చి చూశారు. అవి హాన్సెన్ 1988 అంచనాలకు ఏ మాత్రం తీసిపోలేదని తేలింది. చూశారా! నిజం రెండు చోట్లా తెలుసు. ఒకచోట అది జీతానికి కట్టుబడి బీరువాలోకి పోయింది. ఆ శాస్త్రజ్ఞులు ధర్నాలు చెయ్యలేదు, బేడీలు వేయించుకోలేదు, పరిశోధన చేసి యజమానికి అప్పజెప్పి వూరుకున్నారు. ఆ యజమాని ఆ నిజం చేతిలో పెట్టుకునే బయట "ఇంకా ఏమీ తేలలేదు" అని ప్రచారం చేయించాడు. మన అధ్యాపకుల కొలబద్ద ప్రకారం వీళ్లు హాన్సెన్ కంటే ఆదర్శప్రాయులు. ఆయన ఆ మాట అంటారా? అనరు. అనలేరు గనకనే ఆ కొలబద్ద పనికిరాదంటున్నాను.

2001 లో చెనీ మంత్రాంగ బృందం హాన్సెన్‌ను పిలిచి ఆయన చెప్పింది విన్నది. అంతకు ముందు యేడాది ఆయన, ముందుగా మీథేన్ వంటి ఇతర వాయువులను తగ్గించడం సులభమని రాసి వుండడం వల్ల, ఈయన మనకు పనికివస్తాడని వాళ్లనుకున్నారు. పాలకులకు శాస్త్రజ్ఞుడి మీద గౌరవం లేదనడం తప్పు. తమకు కావలసిన వాక్యం దొరికినంతవరకూ అపారమైన గౌరవం వుంటుంది.

2004 అక్టోబరులో తాను చదువుకున్న అయోవా విశ్వవిద్యాలయంలోనే హాన్సెన్ నోరు విప్పాడు. ప్రభుత్వం శాస్త్రాన్ని తొక్కిపెడుతోందని బహిరంగంగా అన్నాడు. 2005 డిసెంబరులో శాస్త్రజ్ఞుల సభలో మళ్లీ మాట్లాడాడు. ఆ తర్వాత నాసా ప్రచారశాఖ ఆయన ఉపన్యాసాలనూ, వ్యాసాలనూ, పత్రికలవాళ్లతో సంభాషణలనూ తమ అనుమతి లేకుండా సాగనివ్వమన్నది. ఈ కాపలా పనిలో వున్నవాళ్లలో ఒకడు ఇరవైనాలుగేళ్ల కుర్రవాడు. బుష్ ఎన్నికల ప్రచారంలో పనిచేసి ఆ వుద్యోగం సంపాదించాడు. విశ్వం పుట్టుక గురించిన మహావిస్ఫోటనం పేరు పక్కన "సిద్ధాంతం" అన్న మాట తప్పకుండా చేర్చాలని నాసా వాళ్లకు ఉత్తరువులు పంపిన మహానుభావుడు ఇతనే. తనకు వున్నదని చెప్పుకున్న విశ్వవిద్యాలయ పట్టా నిజానికి లేదని బయటపడడంతో రాజీనామా చేసిపోయాడు. కుర్రవాడి మీద నాకు కోపం లేదు. అతన్ని అక్కడ కూర్చోబెట్టిన వాళ్లకు పట్టాలన్నీ సక్రమంగానే వున్నాయి. 2008 లో నాసా సొంత తనిఖీ అధికారి కూడా విచారణ జరిపి, ప్రచారశాఖ శీతోష్ణస్థితి శాస్త్రాన్ని తగ్గించి, వక్రీకరించి చెప్పిందని నిర్ధారించాడు.

ఇక బేడీల సంగతి. హాన్సెన్ వామపక్షీయుడు కాడు. ఆయనకు ఎర్రజెండా తొడగాలని నేను ప్రయత్నించడం లేదు. అట్లాంటివాడు 2009 జూన్‌లో పశ్చిమ వర్జీనియాలో కొండల తలలు పేల్చి బొగ్గు తీసే చోట నిరసనకు పోయి అరెస్టయ్యాడంటే, ఆ స్థితికి తెచ్చింది మన కరపత్రాలు కావు. ముప్ఫై యేళ్ల అనుభవం తెచ్చింది. అంతకు ముందే 2008 లో ఇంగ్లండులో మెయిడ్‌స్టోన్ కోర్టుకు పోయి సాక్ష్యం చెప్పాడు. కింగ్స్‌నార్త్ బొగ్గు విద్యుత్ కేంద్రం పొగగొట్టమెక్కి రంగుతో రాతలు రాసిన ఆరుగురి మీద కేసు అది. నష్టం సుమారు 30 వేల పౌండ్లని ప్రాసిక్యూషన్ చెప్పింది. ఈ బొగ్గు వల్ల ఇంతకు ఎన్నో రెట్లు ఆస్తికీ ప్రాణానికీ నష్టమనీ, దాన్ని ఆపడానికే ఈ పని జరిగిందనీ ముద్దాయిలు వాదించారు. అదే సెనేట్ విన్న సైన్సు, అదే హాన్సెన్. సెనేటర్లు విని తలలూపి పోయారు. మామూలు మనుషులతో కూడిన జ్యూరీ విని ఆరుగురినీ విడిచిపెట్టింది. అక్కడ కట్టదలచిన కొత్త బొగ్గు కేంద్రం కట్టనేలేదు.

ఈ సంఘటన దగ్గర నేను చాలాసేపు ఆగాను. నిజం మారలేదు, నిజం చెప్పిన మనిషి మారలేదు, ఫలితం మారింది. ఎందుకు మారింది? ఇక్కడ నిజం వంటరిగా రాలేదు. పొగగొట్టమెక్కిన ఆరుగురితో కలిసి వచ్చింది. 2011 లో కీస్టోన్ చమురు గొట్టపుదారికి వ్యతిరేకంగా అధ్యక్ష భవనం ముందు రెండు వారాల్లో 1,200 మందికి పైగా అరెస్టయ్యారు, హాన్సెన్ వాళ్లలో ఒకడు. ఆ పథకం ఒకరు ఆపితే మరొకరు లేపారు, చివరకు 2021 లో కంపెనీయే వదులుకున్నది. 2013 లో హాన్సెన్ నాసా వుద్యోగం వదిలిపెట్టాడు. ప్రభుత్వ వుద్యోగిగా వుంటూ ప్రభుత్వం మీద కేసుల్లో సాక్ష్యం చెప్పలేనన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. కనక ఆయన జీవితాన్ని రెండు ముక్కలు చెయ్యడానికి వీల్లేదు. రెండో హాన్సెన్ మొదటి హాన్సెన్ లెక్కలోంచే పుట్టాడు. లెక్క సరి అయినదని తెలిసీ ఇంట్లో కూర్చుంటే, ఆ మనిషి తన లెక్కను తానే నమ్మనట్టు.

ఇప్పుడు వెనక బెంచీ మిత్రుడి దగ్గరికి వస్తాను. అతని కోపం నాకు నచ్చింది, అతని తర్కం నచ్చలేదు. బొగ్గు కాల్చి బలిసింది ఎవరన్న ప్రశ్న న్యాయమైనది. అయితే ఆ ప్రశ్నకు కావలసిన అంకెలు ఎక్కడ దొరుకుతాయి? హాన్సెన్ వ్యాసాల్లోనే దొరుకుతాయి. ఈ యేడాది ఎవరు ఎంత పొగ వదిలారన్నది ప్రశ్న కాదనీ, వాయువు గాలిలో వందల యేళ్లు నిలవ వుంటుంది గనక మొదటినుంచీ మొత్తం ఎంత వదిలారన్నదే ప్రశ్న అనీ, ఆ లెక్కన తలసరి బాధ్యతలో బ్రిటన్, అమెరికా, జర్మనీలు ముందు వుంటాయనీ ఆయన యేళ్ల తరబడి పటాలు గీసి చూపుతున్నాడు. ఇప్పటిదాకా చేరిన మొత్తంలో అమెరికా వాటా సుమారు నాలుగో వంతు, మన దేశం వాటా నూటికి మూడు నాలుగు పాళ్లు. క్యోటోను తిరస్కరించిన 95 మంది సెనేటర్లకు ఈ అంకెలు నచ్చవు. సామ్రాజ్యవాదంతో పోట్లాడదలచినవాడు తన చేతిలో వున్న కత్తిని శత్రువుదని పారేసుకుంటాడా?

పైగా, బొగ్గు వద్దన్న మాట మనకు అమెరికా నుంచి దిగుమతి కానక్కరలేదు. హాన్సెన్ పశ్చిమ వర్జీనియాలో అరెస్టయిన మరుసటి యేడాది, 2010 జులై 14 న, శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూముల్లో బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయారు. 2011 ఫిబ్రవరిలో అదే జిల్లా కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. వాళ్లెవరూ "సైన్స్" పత్రిక చదివినవాళ్లు కారు. తమ నీరు, తమ చేప, తమ వరి ఏమవుతాయో వాళ్లకు తెలుసు. 2015 మే నెల వడగాడ్పుల్లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఎండలో పనిచెయ్యక తప్పని కూలీలు, ముసలివాళ్లు. "వడగాడ్పులు ఎక్కువ కావడానికి అవకాశం వున్నది" అని 1988 లో సెనేట్ ముందు చెప్పిన మూడో మాటకు అర్థం ఇది. శీతోష్ణస్థితి ప్రశ్న తెల్లవాళ్ల విలాసమని మనలో ఎవరైనా అంటే, ఆ మాట ఉపాధి పనికి పోయే మనిషి ముందు నిలబడి అనమనండి.

అయితే హాన్సెన్ ఎక్కడ ఆగిపోయాడో చెప్పకుండా వదిలేస్తే ఇది స్తోత్రపాఠమవుతుంది. చమురు, బొగ్గు కంపెనీల అధిపతులు తెలిసి తెలిసీ జనాన్ని మోసం చేశారనీ, మానవజాతి మీదా ప్రకృతి మీదా నేరం చేసినందుకు వాళ్లను విచారించాలనీ 2008 లో ఆయన అన్నాడు. ఆ మాట మన వాళ్లలో చాలామంది అనడానికి సాహసించలేదు. కర్బన వర్తకం పేరుతో కంపెనీలు పొగ వదిలే హక్కును కొనుక్కుని అమ్ముకునే పద్ధతి దగా అని ఆయనే అన్నాడు. 2015 నాటి పారిస్ ఒప్పందాన్ని కూడా మోసమన్నాడు. మరి ఇంతదూరం వచ్చినవాడు చూపే మందు ఏమిటి? బొగ్గు, చమురు, గ్యాసు మీద గని దగ్గరే పన్ను వెయ్యాలి, వసూలైనదంతా పౌరులకు సమానంగా పంచాలి, ధర నిజం చెబితే మిగతాది సంత చూసుకుంటుంది. పంచే పద్ధతి న్యాయమైనదే, తక్కువ కాల్చే బీదవాడికి అందులో లాభమే. కాని ఆ పన్ను వేసేదెవరు? ఆయన సాక్ష్యాన్ని దిద్దిన బడ్జెట్ కార్యాలయం వున్న ప్రభుత్వమే గదా. నిజం చెబితే పాలకులు వింటారన్న నమ్మకం పోయిన చోట, ధర నిజం చెబితే సంత వింటుందన్న నమ్మకం వచ్చి కూర్చున్నది. క్లోరోఫ్లోరో వాయువుల సంగతి మళ్లీ గుర్తుచేస్తున్నాను. వాటిని తగ్గించింది ప్రధానంగా సంత కాదు, నిషేధం. హాన్సెన్ సొంత పటంలోనే ఆ రుజువు వున్నది.

కోర్టుల మీద ఆయన పెట్టుకున్న ఆశ కూడా ఇటువంటిదే. 2015 లో ఆయన మనమరాలితో సహా 21 మంది పిల్లలు, యువకులు అమెరికన్ ప్రభుత్వం మీద దావా వేశారు. హాన్సెన్ రాబోయే తరాల తరఫున నిలబడ్డాడు. 2020 లో అప్పీలు కోర్టు, మీ బాధ నిజమే గాని దీనికి పరిష్కారం కోర్టుల చేతిలో లేదు, చట్టసభలకూ పాలకులకూ చెప్పుకోండి అన్నది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తలుపు పూర్తిగా మూసేసింది. చట్టసభ దగ్గరినుంచే గదా ఆయన బయలుదేరింది!

అణువిద్యుత్ గురించి ఆయన వాదన మన మిత్రులకు బొత్తిగా మింగుడుపడదు. బొగ్గు పొగతో పోల్చి చూస్తే అణువిద్యుత్ 18 లక్షల ప్రాణాలు కాపాడిందని 2013 లో ఒక సహచరుడితో కలిసి లెక్కగట్టాడు. బొగ్గు పొగ ఎంతమందిని చంపుతుందో తెలిసినవాళ్లు ఆ లెక్కను తేలిగ్గా కొట్టిపారెయ్యలేరు. నేనూ కొట్టిపారెయ్యను. కాని కొవ్వాడ మత్స్యకారులు అడిగే ప్రశ్న ఆ లెక్కలో లేదు. అమెరికన్ కంపెనీ రియాక్టర్ల కోసం తమ వూళ్లు ఎందుకు ఖాళీ చెయ్యాలి, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది, ఇది తేల్చేటప్పుడు తమను అడిగినవాడెవడు? ఈ ప్రశ్నలకు భౌతికశాస్త్రం సమాధానం చెప్పదు. హాన్సెన్ ఇక్కడ పొరబడ్డాడని ఆయన కొలిచిన వేడిని కూడా అబద్ధమనడం, పంచాంగం నచ్చలేదని ఎండ కాయలేదనడం వంటిది.

ఆయన మాటే వేదమని కూడా నేననను. 2023 లోనూ, 2025 లోనూ ప్రకటించిన వ్యాసాల్లో ఆయన, బొగ్గు పొగలోని గంధకపు తుంపర్లు ఇంతకాలం సూర్యరశ్మిని అడ్డుకుని వేడిని కొంత దాచాయనీ, ఆ పొగ తగ్గుతున్నకొద్దీ దాగిన వేడి బయటపడుతోందనీ, వేడెక్కడం వేగం పుంజుకున్నదనీ వాదిస్తున్నాడు. మైకేల్ మాన్ వంటి ప్రముఖులు ఒప్పుకోవడం లేదు. ఆ తగాదా కొలతలతోనే తేలుతుంది. ఎవరి పక్షాన చప్పట్లు ఎక్కువ మోగాయన్నదానితో తేలదు.

1988 సాక్ష్యం నాటికి గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో సుమారు 350 పాళ్లు. భూమి క్షేమంగా వుండాలంటే ఆ అంకెకు మించరాదని 2008 లో హాన్సెనే రాశాడు. 2024 నాటికి అది 424 దాటింది. మనుషులు బొగ్గు, చమురు కాల్చడం మొదలుపెట్టినప్పటినుంచి వదిలిన మొత్తం వాయువులో సగానికి పైగా, ఆ సాక్ష్యం విన్న తర్వాతనే వదిలారు. తెలియక కాదు.

అధ్యాపక మిత్రులు ఇంకా ఒక మాట అనవచ్చు: హాన్సెన్ అంత రచ్చ చెయ్యకుండా వుంటే ఆ సంస్థ అయినా క్షేమంగా వుండేది గదా అని. హాన్సెన్ వెళ్లిపోయి పన్నెండేళ్లయిన తర్వాత, 2025 లో, అమెరికన్ ప్రభుత్వం న్యూయార్కులోని ఆ గొడ్డార్డ్ సంస్థ భవనం అద్దె ఒప్పందం రద్దు చేసింది. మే నెలాఖరుకల్లా గదులు ఖాళీ చెయ్యమన్నది. అక్కడ మిగిలివున్న వాళ్లలో చాలామంది వూరేగింపుల్లో ఎన్నడూ నడిచినవాళ్లు కారు. వాళ్లు కూడా పుస్తకాలు పెట్టెల్లో సర్దుకుని, ఇళ్లలో కూర్చుని లెక్కలు కట్టుకోవడానికి పోయారు.